మోకు మీద సున్నం

సుందర్ రావు సారు తెచ్చిన ఎర్ర కోత మిషను మొగిలి భుజం మీదికి ఎక్కిన పొద్దు నుంచి మల్లక్కకు ముద్ద దిగడం లేదు.

ఆ కథ మొదటి నుంచి ఒక్కసారి తలుచుకుందాం. హన్మకొండ శివారులో దొరసాని దవాఖాన ఉంది. దాన్ని కట్టించిన తెల్లదొరసాని తన ఆవరణలో కల్లు గీయకూడదని మాట పెట్టి పోయింది. గీత ఉన్న చెట్టుకైతే గీసేవాడే క్షవరం చేస్తాడు. ఏటేటా ఎండుమట్టలు కొట్టి, కొనన ఉన్న మొవ్వు శుభ్రం చేసి, సొంత బిడ్డ తల దువ్వినట్టు చూసుకుంటాడు. గీత లేని చెట్టును పట్టించుకునే దిక్కుండదు. దొరసాని దవాఖాన తాటిచెట్లకు ఏళ్ళ తరబడి ఎండుమట్టలు జడలు కట్టి వేలాడుతున్నాయి. మొన్నటి గాలిదుమారానికి అందులో ఒక మట్ట విరిగి, మందుల చీటీ కోసం వరుసలో నిలబడ్డ ఒక బాలింత భుజం మీద పడింది. ఎముక రెండు ముక్కలైంది. ఆవరణ బాగోగులు చూసే సుందర్ రావు సారు ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడే పట్నం పోయి, అడవిలో దుంగలు కోసే పెట్రోలు రంపాన్ని తెచ్చాడు. ఎక్కడానికి మడికొండ గీత కార్మికుడు మొగిలిని పిలిపించాడు. మొగిలి సై అన్నాడు.

మొగిలి ఎక్కితే చెట్టే వంగి ఎత్తుకున్నట్టు ఉంటుందని నలుగురూ అంటారు. కానీ వాడి అక్క మల్లక్క ఆ మాట విన్నప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆమె పెనిమిటి కూడా అట్లాగే ఎక్కేవాడు. నడుముకు చుట్టుకునే మోకు తెగి, కిందపడి చనిపోయాడు. తల్లి లేని తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచిన మల్లక్కకు ఇప్పుడు ఆ మొగిలి ఒక్కడే మిగిలాడు. ఆమె వరంగల్ స్టేషన్ రోడ్డుకు పోయి, ఇంజన్లు బాగుచేసే దానియేలు దుకాణం ముందు కూర్చుంది. తమ్ముడు రంపం పట్టుకుని చెట్టెక్కుతున్నాడని, ఆపమని బతిమాలింది. దానియేలు నూనె చేతులు తుడుచుకుంటూ, "ఆపుడు నాతోని కాదు చెల్లె. చూసుడు మాత్రం నాతోనైతది. రేపు పొద్దుగాల వస్త. అప్పటిదాక వాణ్ణి ఎక్కనియ్యకు," అన్నాడు.

ఆ రేపు తెల్లవారింది.

*

దవాఖాన గేటు తెరవక ముందే మల్లక్క వచ్చి మొదటి చెట్టు మొదట్లో కూర్చుంది. తమ్ముడు ఎక్కాలంటే తనను దాటి ఎక్కాలి. మొగిలి వచ్చి చూసి నవ్వాడు. నడుముకు కత్తి ఒర ఉన్న ముస్తాదు కట్టుకున్నాడు. భుజాన చుట్ట చుట్టిన మోకు ఉంది. చేతిలో ఎర్ర మిషను.

"ఏందే అక్కా, చెట్టుకు దిష్టిబొమ్మ లెక్క కూసున్నవ్?"

"నీకే దిష్టిరా. ఆ స్టేషన్ రోడ్డు అన్న వచ్చేదాక ఎక్కద్దు."

"గాయిన ఎవరే? ఆయన ఏనాడన్న మోకు కట్టిండా?"

"నువ్వేనాడన్న ఇంజను విప్పినవా?"

గోడ మీద కూర్చున్న యాకయ్య పకపకా నవ్వాడు. యాకయ్య కూడా గీత కార్మికుడే, పక్క ఊరివాడు. మొగిలి పేరు ఎక్కడ వినబడ్డా అతనికి పండ్లు నూరుకోబుద్ధి పుడుతుంది. ఈ పని తనకు రాలేదన్న కచ్చతో, ఊరికే చూసిపోదామని వచ్చానంటూ మోకూ ముస్తాదూ తీయకుండానే పొద్దున్నే గోడెక్కి బీడీ ముట్టించాడు.

"అక్క కొంగు పట్టుకొని చెట్టెక్కెటోన్ని ఇయ్యాలనే చూస్తాన," అన్నాడు యాకయ్య.

మొగిలి చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో గేటు దగ్గర రిక్షా ఆగింది.

రిక్షా నిండా సామాను. సామాను వెనకాల నడుస్తూ వచ్చాడు దానియేలు. యాభై దాటిన మనిషి. మెడలో సన్నటి శిలువ, జేబులో స్క్రూడ్రైవరు. కుడిచేతి చిటికెనవేలు లేదు. మొగిలి చూపు ఆ చేతి మీద పడడం గమనించి, తానే ఆ చెయ్యి ముందుకు చాచాడు.

"చూస్కో తమ్మీ. మరమగ్గం బెల్టు తిన్నది. ఇదే నా సర్టిఫికెట్. ఇది పోయిన పొద్దు నుంచి ఏ మిషన్ నన్ను మోసం చెయ్యలే."

మొగిలి నవ్వు దాచుకోలేకపోయాడు. మల్లక్కకు ఆ నవ్వు చూసి సగం ప్రాణం వచ్చింది. పరాయివాళ్ళతో ముభావంగా ఉండే తమ్ముడు ఇంత తొందరగా నవ్వడం ఆమె చూడలేదు.

దానియేలు గోనెసంచి పరిచి, ముందు మొగిలి చేతిలోని ఎర్ర మిషను అడిగి తీసుకున్నాడు. మంచి కూరగాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. గొలుసు మీది పళ్ళను వేలితో తాకి, "అబ్బ, ఏం చేసిండ్రు!" అన్నాడు. మల్లక్క మెడ చాచి చూసింది. తిడతాడనుకుని పిలిపిస్తే మెచ్చుకుంటున్నాడేమిటి?

"మిషన్ బంగారం లెక్క ఉన్నది. దీన్ని తప్పుపట్టెటందుకు లేదు. నేల మీద పడ్డ టేకు దుంగను వెన్న లెక్క కోస్తది. కాని ఇది తాటిచెట్టు," అన్నాడు దానియేలు, చెట్టు వంక చూస్తూ. "టేకుకు చెక్క ఉంటది. తాటిమట్టకు పీచు ఉంటది. నువ్వు మట్టను కోస్తవ్, పీచు గొలుసును చుట్టుకుంటది. అది చిక్కుకున్నదనుకో, మిషన్ ఒక్క గుంజు గుంజుతది. నేల మీదనైతే కాళ్ళు ఊనుకొని నిలబడతవ్. మీద నీ కాళ్ళు దేన్ని ఊనుకుంటయి?"

"మా కాళ్ళు చెట్టును పట్టుకున్నయంటే మీ పానా పట్టినట్టే, పెద్దన్నా," అన్నాడు మొగిలి.

"నమ్ముత. కాని పట్టుకున్న కాళ్ళు నీవి, గుంజేది మిషన్. చూద్దాం."

కింద పడి ఉన్న ఎండుమట్ట ఒకటి బల్ల మీద కట్టి, దానియేలు మిషను మొదలుపెట్టాడు. చెవులు గింగురుమన్నాయి. దవాఖాన కిటికీల్లోంచి రోగులు తొంగి చూశారు. గొలుసు మట్టలోకి దిగింది. సగం దాకా బాగానే దిగి, అక్కడ గర్రుమని మొండికేసింది. మిషను అతని చేతుల్లో పాము పడగెత్తినట్టు పైకి లేచింది. ఎదురుచూస్తున్నవాడు గనుక మోచేతులు బిగించి ఆపాడు. ఆపి, చక్రం దగ్గరి మూత విప్పి చూపించాడు. లోపలంతా కొబ్బరిపీచు కుక్కినట్టు ఉంది.

"మట్టమట్టకు ఇది విప్పి తియ్యాలె. చెట్టు కొనకు కూసొని విప్పుతవా?"

యాకయ్య గోడ మీంచి ఉమ్మేశాడు. "చేతగానోనికి అన్ని వంకలే!"

*

సుందర్ రావు సారు స్కూటరు దిగాడు. తెల్లచొక్కా, చంకలో గొడుగు. దానియేలును చూసి చెయ్యెత్తి పలకరించాడు. ఇద్దరూ ఒకే చర్చిలో ప్రార్థన చేసేవాళ్ళు.

"దానియేలన్నా, మీరొచ్చిండ్రంటే మంచిదే. కాని టైం లేదు. మృగశిర దగ్గర పడ్డది. ఇంకో దుమారం వస్తే ఇంకెవరి మీద పడతదో! ఆ తల్లి ఇంకా కట్టు కట్టుకొని వార్డులనే ఉన్నది. పసిపోరన్ని ఎత్తుకొని పాలియ్యలేకపోతాంది. నేను రోజూ ఆమె మొహం చూడాలె గద."

ఆ మాటతో మల్లక్కకు ఆయన మీది కోపం కొంత కరిగింది. ఆయనకూ ఒక భయం ఉంది. ఆ భయానికి మందు వెతుక్కుంటున్నాడు.

"పెట్రోలుది వద్దంటే మా వడ్ల నర్సింగం దగ్గర కరెంటు రంపం ఉన్నది. తెచ్చిన," అని సారు స్కూటరు డిక్కీలోంచి గుండ్రటి బిళ్ళ రంపం తీశాడు. దాని తోకలాంటి నల్లవైరు కింద కుప్పగా పడింది.

దానియేలు దాన్నీ మర్యాదగానే అందుకున్నాడు. అతని పద్ధతి అదేనని మల్లక్కకు అర్థమైంది. ఏ పనిముట్టునూ అవమానించడు. దాని చోటేదో దానికి చెబుతాడు.

"ఇది పలకలు కోసెటందుకు పుట్టింది సారు. బిళ్ళ చిన్నది, మట్ట మొదలు లావు. ఒక్క పోటుకు తెగది. ఇగ వైరు సంగతి. మోకు ఒక దిక్కు, వైరు ఒక దిక్కు. రెండు చిక్కుపడ్డయంటే మొగిలి దిగుడెట్ల? పైంగ మొవ్వుల వాననీళ్ళు నిలుస్తయి. మట్ట కొట్టంగనే ఆ నీళ్ళు చేతుల మీద పడతయి. తడిచేతుల కరెంటు!"

సారు వైరును తానే చుట్టచుట్టి డిక్కీలో పెట్టేశాడు. "అయితే పెట్రోలుదే మంచిది. కరెంటైతే లేదు గద అందుల."

"అదే నేను అంటాన," అన్నాడు మొగిలి వెంటనే. "పీచు చిక్కితే జర ఆగి తీసుకుంట. అక్కా, పక్కకు జరుగు."

మల్లక్క జరగలేదు. చెట్టును వెనక్కి చేతులతో చుట్టేసి కూర్చుంది. ఆమెకు ఏదో చెప్పాలని ఉంది. ఏమిటో అందడం లేదు. నాయన ఎక్కడం చూసింది, పెనిమిటి ఎక్కడం చూసింది, తమ్ముడు ఎక్కడం చూసింది. ముగ్గురినీ కింది నుంచి తలెత్తి చూసీ చూసీ మెడ నొప్పి పుట్టిన జన్మ ఆమెది. ముగ్గురూ ఒకే తీరుగా చేసే పని ఒకటుంది. అది ఆమె కళ్ళ ముందు కదులుతోంది.

"దానియేలన్నా," అంది మెల్లగా. "ఆ మిషన్ బంద్ చేసినంక పళ్ళు వెంటనే ఆగుతయా?"

దానియేలు చటుక్కున ఆమె వైపు తిరిగాడు. "ఆగయి చెల్లె. పిడి ఇడిసినంక సుత జరసేపు తిరుగుతనే ఉంటయి. ఎందుకడిగినవ్?"

"మావోళ్ళు మట్ట కొట్టంగనే కత్తిని ఒరల పెడతరు. చూడరు. చూడకుంటనే పెడతరు. చెయ్యి దానంతట అదే నడుము మీదికి పోతది. మా నాయిన బువ్వ తినేటప్పుడు సుత చెంచ కిందపెట్టక నడుము దిక్కు పోనిచ్చేటోడు. మేం నవ్వేటోళ్ళం."

ఎవరూ నవ్వలేదు. గీసేవాడి కత్తి ఒర కుడి పిర్ర మీద ఉంటుంది. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టిన మోకు సరిగ్గా అక్కడి నుంచే పోతుంది. పొడుగాటి చెట్టు మీద ఆ మోకొక్కటే మనిషికి నేల, గోడ, మంచం.

"నా చెయ్యి నాకు తెల్వదా?" మొగిలి గొంతు లేచింది. "కత్తి కత్తే, మిషన్ మిషనే. నేనేమన్న పిచ్చోన్నా, తిరిగే రంపాన్ని నడుముకు చెక్కుకోను?"

"పిచ్చోనివి కాదు తమ్మీ, పనోనివి," అన్నాడు దానియేలు. "పనోనికే గిది అయితది. తలకాయ మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు. నా వేలు గట్లనే పోయింది. మగ్గం మారింది, చెయ్యి మారలే." ఒక్క నిమిషం ఆలోచించి, "సున్నం ఉన్నదా ఇక్కడ?" అన్నాడు.

*

దవాఖాన వెనక గోడలకు వెల్ల వేస్తున్నారు. మల్లక్కే పరుగున పోయి చిప్పలో తడిసున్నం తెచ్చింది. దానియేలు ఎర్ర మిషను పెట్రోలు గొట్టం కట్టేసి, గొలుసు పట్టీకి రెండువైపులా సున్నం దట్టంగా పూశాడు.

"ఇంజను నడవది. నీకు దెబ్బ తాకది. గోడ పక్క ఆ పొట్టి గున్నతాటి చెట్టుకు మోకు వెయ్యి. మనిషెత్తు ఎక్కు చాలు. మీద నిజంగ మట్టలు కొడుతున్న అనుకొని కొట్టు. నోటితోని ఇంజను సప్పుడు చెయ్యి. మేం నీ దిక్కు చూడం. మీ అక్కతోని నేను ముచ్చట పెడుత."

మొగిలికి అది ఆటలా తోచింది. వెంటనే ఒప్పుకున్నాడు. గున్నతాటికి మోకు వేసి రెండు ఊపుల్లో మనిషెత్తు ఎక్కాడు. వెనక్కి వాలి, రెండు చేతులతో మిషను పట్టుకుని, "బుర్ర్ర్" మని చప్పుడు చేస్తూ మట్ట మొదట్లో రాసాడు. కిటికీల్లోని రోగులు నవ్వారు. నర్సమ్మలు నవ్వారు. యాకయ్య బీడీ పొగలో దగ్గుతూ నవ్వాడు.

మల్లక్క మాత్రం కన్నార్పలేదు. చూడనని మాట ఇచ్చిన దానియేలు కూడా ఆమె పక్కన నిలబడి ఓరకంట చూస్తూనే ఉన్నాడు. మొదట్లో మొగిలి జాగ్రత్తగానే ఉన్నాడు. ఒక్కో మట్ట తర్వాత మిషనును ముందుకే, చెట్టు వైపే పట్టుకున్నాడు. ఆ తర్వాత పని వాణ్ణి లాక్కుంది. చూపు పైమట్ట మీదికి పోయింది. కాలు మార్చాడు. నడుము తిప్పాడు. ఆ తిప్పడంలో ఎంత అందం ఉందంటే దానియేలు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఇంత పెద్ద మనిషి చెట్టు చుట్టూ గాలిపటంలా ఎట్లా తిరుగుతున్నాడని అతనికి ఆశ్చర్యం. ఆ అందమంతా ఎన్నో ఏళ్ళ అలవాటు లోంచి వచ్చిందే. ఆ అలవాటే మిషనును పక్కకు దించింది.

"చాలు తమ్మీ, దిగు," అన్నాడు దానియేలు.

మొగిలి దూకి, నవ్వుతూ మోకు విప్పాడు. విప్పి చేతిలో చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

మోకు మీద, నడుము కుడివైపు ఆనుకునే చోట, తెల్లటి గీతలు. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి పడి, పిచ్చుక రెట్టలు వేసినట్టు, ఆ జానెడు మేర తాడు రంగే కనబడలేదు.

మొగిలి ఆ గీతల్ని బొటనవేలితో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. మల్లక్క దగ్గరికి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"నేను పెట్టలే అక్కా," అన్నాడు చిన్నగా. "నాకు తెల్వకుంటనే..."

"ఎరుకేరా. నాకెరుకే."

దానియేలు ఒక్క ముక్క గొప్ప చెప్పుకోలేదు. మోకును తన భుజాన వేసుకుని సున్నం తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అందరి ముందూ వాణ్ణి చిన్నబుచ్చకుండా అతను పని వెతుక్కున్న తీరు మల్లక్క మనసులో నిలిచిపోయింది.

యాకయ్య గోడ దిగాడు. "పెండ్లికొడుకు లెక్క సున్నం పూసుకున్నవ్ పో మొగిలి! సారూ, నా చెయ్యి నా మాట వింటది. నాకియ్యి మిషన్."

"యాకయ్యా, నీ ఒర ఎక్కడున్నది చూస్కో," అంది మల్లక్క. "నువ్వు సుత గా చెట్ల మీదనే పుట్టినవ్."

సుందర్ రావు సారు తలపట్టుకున్నాడు. ఎవరి మాట వినాలో ఆయనకు తోచలేదు. "దానియేలన్నా, ఇది కాదంటిరి, అది కాదంటిరి. మరి ఏది పట్టుకొని చెయ్యమంటరు? కత్తితోనైతే నెల పడతది."

"ఇంకోటి ఉన్నది సారు. జర చూసి చెప్పుండ్రి."

కానీ సారు చూడడానికి నిలబడలేదు. వార్డు లోంచి ఎవరో పిలిచారు. పోతూ పోతూ ఎర్ర మిషను తీసుకుని, "ఇది స్టోరులో పెడత," అన్నాడు. యాకయ్య ఆయన వెనకాలే, వినయంగా గొడుగు మోస్తూ పోయాడు. మొగిలి మోకు మీద చూపు పెట్టుకున్న మల్లక్క అది అంతగా పట్టించుకోలేదు.

*

రిక్షాలోంచి దానియేలు దించిన సామాను చూసి మొగిలి మొదట తెల్లబోయాడు. మేస్త్రీలు స్లాబు వేసేటప్పుడు కాంక్రీటులోకి దించి కుదిపే వైబ్రేటరు అది. నేల మీద చిన్న ఇంజను, దానికి అనకొండలాంటి నల్లటి మెత్తటి గొట్టం. ఆ గొట్టం చివర కుదిపే కడ్డీ బదులు దానియేలు ఒక పొడుగాటి సన్న పైపు బిగించాడు. పైపు కొనకు కొడవలిలా వంగిన రంపపు బ్లేడు.

"ఇంజను భూమ్మీదనే ఉంటది. బరువు లేదు, వేడి లేదు, పెట్రోలు వాసన లేదు. గొట్టం లోపల తీగె తిరుగుతది. ఆ తిరుగుడును నేను ముందుకు, వెనక్కు ఊగేటట్టు చేసిన."

"మగ్గంల ఇటు అటు ఉరికే నాడె లెక్కనా?" అడిగింది మల్లక్క.

"గట్లనే! మరమగ్గం నా వేలు తీసుకున్నది. దాని బుద్ధి నేను తీసుకున్న," అని నవ్వాడు దానియేలు. "గొలుసైతే పీచు చుట్టుకుంటది. ఇది ముందుకు పోయి వెనక్కు వస్తది, పీచును తెంపుకుంట వస్తది. ఇగ అన్నిటికన్న ముఖ్యం గిది." పైపు కింది కొసన ఉన్న పిడి చూపించాడు. "గట్టిగ పట్టుకున్నంతసేపే నడుస్తది. వేళ్ళు సడలినయంటే అక్కడనే ఖతం. సెకను సుత నడవది."

రంపానికి సున్నం పూసి మళ్ళీ గున్నతాటి మీద పరీక్ష పెట్టాడు. ఈసారి మొగిలి నోటితో చప్పుడు చేయలేదు. పెదవులు బిగించి చేశాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు వాడి చెయ్యి నడుము మీదికి పోయింది. చెయ్యి పోయినా పైపు మాత్రం మనిషెత్తు పొడుగుండడంతో రంపం అల్లంత దూరాన ఆకాశం వైపే చూస్తూ ఉండిపోయింది. మోకు మీద ఒక్క చుక్క పడలేదు.

"వానికి అలవాటు మాన్పలే," అన్నాడు దానియేలు సంతోషంగా. "పనిముట్టుకే వాని అలవాటు నేర్పిన."

మల్లక్కకు ఆ మనిషి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆడది పరాయి మగవాడి కాళ్ళు ముట్టుకుంటే బాగుండదని, తెచ్చుకున్న సద్దిమూట విప్పి అతని ముందు పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. దానియేలు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, రొట్టె తుంచి మొదటి ముక్క మొగిలికే ఇచ్చాడు.

తింటూ తింటూనే చెప్పుకుపోయాడు. "ఎండిన మట్టనే కొయ్యి తమ్మీ. పచ్చది ముట్టకు. పచ్చిమట్ట చెట్టుకు అన్నం పెట్టే చెయ్యి. జడలు కట్టిన మట్టల కిందికి దూరకు. అవన్ని ఒక్కసారి జారితే మనిషి లోపల్నే ఊపిరాడక పోతడు. పక్క నుంచి, దూరం నుంచి కొయ్యాలె. ఇంకో చెట్టుకు పోయే ముందు ఫినాయిల్ గుడ్డతోని రంపం తుడువు. దవాఖానల సూది మార్చినట్టు. ఒక చెట్టు రోగం ఇంకో చెట్టుకు అంటద్దు. కరెంటు తీగె పక్కనున్న చెట్టు మాత్రం లైన్‌మాన్ వచ్చి బంద్ చేసినంకనే."

మొగిలి ప్రతి మాటకూ తలూపాడు. పైపును రొట్టె చేతులతో పట్టుకోకుండా ముందు చేతులు కడుక్కుని, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "పెద్దన్నా, ఇది నువ్వే చేసినవా? మొత్తం నువ్వే?" అని అడిగాడు. పొద్దున అక్కతో ఎకసక్కెమాడిన మొగిలి వేరు, ఈ మొగిలి వేరు. వాడి కళ్ళలో మెరుపు చూసి మల్లక్క ఎన్నాళ్ళకో కడుపునిండా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి బయటికి రాకముందే చప్పుడు వినిపించింది.

గర్ర్ర్ మంటూ దవాఖాన అవతలి వైపు నుంచి. నేల మీది చప్పుడు కాదు. ఎక్కడో పైన, ఆకుల్లోంచి.

దానియేలు చేతిలోని రొట్టె వదిలేసి లేచాడు. "ఎర్ర మిషన్!"

ముగ్గురూ పరుగెత్తారు. నర్సుల ఇళ్ళ పక్కన, జంట తాటిచెట్లలో ఒకదాని మీద యాకయ్య ఉన్నాడు. నడుముకు మోకు, చేతుల్లో మిషను. కింద సుందర్ రావు సారు గొడుగు నేలకు ఆనించి తలెత్తి చూస్తున్నాడు. చుట్టూ నలుగురూ చేరి చప్పట్లు కొడుతున్నారు.

"సారూ, దింపుండ్రి! దింపుండ్రి!" అరిచాడు దానియేలు.

"మంచిగనే కోస్తాండు గద అన్నా. పెట్రోలు గొట్టం ముడి విప్పుకొని, ఒక్కటి చూపిస్తనని బతిమాలితే..." సారు గొంతులో అప్పటికే అనుమానం దూరింది.

"యాకయ్యా! ఆపు!" మల్లక్క గొంతు చించుకుంది. ఇంజను హోరులో ఆమె మాట ఆమెకే వినబడలేదు. యాకయ్య కిందికి చూశాడు. చేతులూపుతున్న ముగ్గురినీ చూసి పండ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. మొగిలి కడుపుమంటతో వచ్చాడనుకున్నాడు కాబోలు. ఇంకో మట్టకు రంపం ఆనించాడు. పీచు తునకలు గాల్లో ఎగిరాయి. మట్ట విరిగి గిరగిరా తిరుగుతూ కింద పడింది. జనం మళ్ళీ చప్పట్లు.

యాకయ్య కుడిచెయ్యి మెల్లగా కిందికి దిగింది. నడుము దాకా వచ్చింది. మోకుకు బెత్తెడు దూరంలో మిషను ఆగింది. మళ్ళీ పైకి పోయింది.

సుందర్ రావు సారు కూడా ఆ చేతిని చూశాడు. చేతిలోని గొడుగు జారి కింద పడింది. "ప్రభువా," అన్నాడు.

"వినబడది," అన్నాడు దానియేలు. "ఎంత ఒర్రినా వినబడది. వాని మొహానికి మొహం పెట్టి చెప్పాలె."

ఆ జంటలో రెండో చెట్టు ఖాళీగా ఉంది. మధ్య దూరం మూడు బారలు. మొగిలి దాని వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. అడగలేదు. అడిగే ధైర్యం వాడికి లేదు. పొద్దున చెట్టును కావలించుకుని కూర్చున్న అక్కను ఏమని అడుగుతాడు?

మల్లక్క మొగిలి భుజం మీది మోకు లాక్కుంది. రెండో తాటి చుట్టూ తానే విసిరింది. తమ్ముడి నడుము చుట్టూ తిప్పి, ముడి తానే బిగించింది. ఆమె పెనిమిటి పోయిన తర్వాత మోకు ముట్టుకోవడం అదే మొదలు. వేళ్ళు మాత్రం ముడి మర్చిపోలేదు.

"ఎక్కురా," అంది. "జల్ది ఎక్కు."

మొగిలి ఎక్కాడు. వాడి కంటే వేగంగా ఎవరూ ఎక్కలేరని అంటారే, ఆ మాట అబద్ధం కాదని ఆ పూట దవాఖాన అంతా చూసింది. కాళ్ళు చెట్టును తాకాయో లేదో తెలియలేదు. మల్లక్క మెడ వెనక్కి వాల్చి నిలబడింది. సగం దాటాడు. జడలు కట్టిన మట్టల పక్కగా వంగి ఇంకా పైకి పోయాడు. యాకయ్యకు ఎదురుగా వచ్చి, రెండు చేతులూ వదిలేసి మోకులో వెనక్కి వాలి, వద్దు వద్దని చేతులాడించాడు.

యాకయ్య అప్పుడే ఇంకో మట్ట తెంపాడు. ఎదురుగా మొగిలిని చూశాడు. పోటీకి వచ్చాడనుకున్నాడు. మొహం వెలిగిపోయింది. కన్ను కొట్టి, ఏదో ఎగతాళి మాట అనడానికి నోరు తెరిచాడు. చూపంతా మొగిలి మీదే ఉంది.

అతని కుడిచెయ్యి, గొలుసు ఇంకా తిరుగుతున్న మిషనుతో, నడుము మీది మోకు వైపు దిగుతోంది.